గ్యాలరీ లేని ప్రేక్షకులు

కలకత్తా ప్రేక్షకునికి ఒక హక్కు ఉన్నది. తనకు నచ్చిన ఆటగాణ్ణి జట్టులోనుంచి తప్పించినప్పుడు ఒక అట్టముక్క మీద నాలుగు మాటలు రాసి, ఈడెన్ గార్డెన్స్ గ్యాలరీలో నిలబడి, దానిని పైకెత్తి పట్టుకోవడం ఆ హక్కు. బొంబాయి ప్రేక్షకుడు కూడా ఆ విద్య నేర్చినవాడే. డెలానీపూర్ ప్రేక్షకునికి అట్టముక్క ఉన్నది, నాలుగు మాటలూ ఉన్నవి. నిలబడడానికి గ్యాలరీ లేదు.

డెలానీపూర్ అండమాన్ రాజధానిలో ఒక పేట. తరతరాలుగా పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన ఆ నగరానికి 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం శ్రీ విజయపురం అని పేరు మార్చింది. విశాఖపట్నం నుంచి ఆకాశమార్గాన సుమారు 1,200 కిలోమీటర్లు. ఓడ ఎక్కితే రెండు మూడు రోజులు బంగాళాఖాతం మీద గడపవలసిందే. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి కూలికోసం, చేపల వేటకోసం, వర్తకం కోసం వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. బెంగాలీ మాతృభాషగా గలవారు అంతకు రెట్టింపు పైమాట. తమిళులు, హిందీవారు, మలయాళీలు సరేసరి. ఒకే వీధిలో ఇన్ని భాషల ఇళ్లుంటే క్రికెట్ జట్టు ఎంపిక మీద ఎన్ని అభిప్రాయాలుంటాయో ఊహించుకోవచ్చును.

ఈ దీవులలో టెస్టు మ్యాచ్ ఏనాడూ జరగలేదు. రంజీ ట్రోఫీలో అండమాన్‌కు జట్టు లేదు. 2018లో ఈశాన్య రాష్ట్రాలతో సహా తొమ్మిది కొత్త జట్లు రంజీలోకి వచ్చినప్పుడు కూడా ఆ జాబితాలో అండమాన్ పేరు లేదు. కాబట్టి ‘మా ఊరి కుర్రవాడు’ అని చెప్పుకోవడానికి ఇక్కడి అభిమానికి ఎవరూ లేరు. అందుచేత అతడు మరొక ఊరి కుర్రవాణ్ణి దత్తత తీసుకుంటాడు. దత్తతకు ఆధారం చాలావరకు భాషే. తెలుగువాడు హైదరాబాదు వైపు, విశాఖ వైపు చూస్తాడు. బెంగాలీ కలకత్తా వైపు, తమిళుడు మద్రాసు వైపు.

ఇందులో వింత ఏమీ లేదనిపించవచ్చు. కాని గ్యాలరీలు ఉన్న నగరాల చరిత్ర చూస్తే వింత బయటపడుతుంది.

1945 చివరలో, ప్రపంచయుద్ధం ముగిసిన కొద్ది నెలలకే, ఆస్ట్రేలియా సైనిక దళాల జట్టు మన దేశానికి వచ్చింది. కలకత్తాలో జరగవలసిన అనధికార టెస్టుకు ముష్తాక్ అలీని తప్పించారు. జనం సెలెక్టర్ దులీప్‌సింహ్‌జీని చుట్టుముట్టి ‘ముష్తాక్ లేనిదే టెస్టు లేదు’ అన్నారు. ముష్తాక్ ఆడాడు. 1973లో ఇంగ్లండుతో కాన్పూరు టెస్టుకు సలీం దురానీని పక్కన పెడితే బొంబాయివారు అదే నినాదాన్ని పేరు మార్చి వాడుకున్నారు. దురానీ బొంబాయి టెస్టులోకి తిరిగి వచ్చి 73, 37 పరుగులు చేశాడు. అదే అతడి చివరి టెస్టు. 1984 డిసెంబరులో ఢిల్లీలో ఇంగ్లండు చేతిలో ఓడిన తరువాత, బాధ్యత లేని షాట్ కొట్టి అవుటయ్యాడని కపిల్‌దేవ్‌ను తొలగించినప్పుడు కలకత్తా మూడవసారి ఆ నినాదం ఎత్తుకున్నది. ఈసారి సెలెక్టర్లు వినలేదు. కపిల్ ఆడలేదు, కోపమంతా కెప్టెన్ గవాస్కర్ మీదికి మళ్లింది, మైదానంలోకి పండ్లు వచ్చి పడ్డాయి.

ముష్తాక్ అలీది ఇందూరు. కపిల్‌ది చండీగఢ్. దురానీ రంజీ క్రికెట్‌లో ఎక్కువ కాలం ఆడింది రాజస్థాన్‌కు. అరిచిన నగరానికి చెందినవాడు వీరిలో ఒక్కడూ లేడు. గ్యాలరీ ఉన్నవాడు బంధుత్వం చూడలేదు. అడగగానే సిక్సర్ కొట్టేవాడు కావాలనుకున్నాడు, కళ్లకు విందు కావాలనుకున్నాడు. బంధుత్వం వెతికేది ఆట కంటికి అందనివాడే. తనకు కనబడనిదానిని తనదిగా చేసుకోవడానికి అతడికి భాషకన్న దగ్గరి దారి లేదు.

కపిల్ లేని ఆ కలకత్తా టెస్టులోనే, 1984 డిసెంబరు 31న మొదలైన ఆ మ్యాచ్‌లోనే, హైదరాబాదు నుంచి వచ్చిన ఇరవై ఒక్క ఏళ్ల మహమ్మద్ అజారుద్దీన్ మొదటిసారిగా భారతదేశానికి ఆడాడు. 110 పరుగులు చేశాడు. తరువాత మద్రాసులో 105, కాన్పూరులో 122. మొదటి మూడు టెస్టులలో మూడు శతకాలు చేసినవాడు అంతకుముందు ప్రపంచంలోనే లేడు. ఒకే మ్యాచ్‌లో కలకత్తాకు అన్యాయం జరిగితే హైదరాబాదుకు పండుగ జరిగింది. ఎంపిక అనేది ఎప్పుడూ ఇలాగే ఉంటుంది: ఒకరి పేరు కొట్టివేసిన గీత మీదనే మరొకరి పేరు రాస్తారు. అభిమాని కొట్టివేతను చూస్తాడు గాని, రాతను చూడడు.

అయితే హైదరాబాదు ఆ పండుగను కూడా దూరం నుంచే చేసుకున్నది. టెస్టుల విషయంలో ఆ నగరానిది విచిత్రమైన జాతకం. 1955లో ఫతే మైదానంలో మొదటి టెస్టు, 1969లో రెండవది, 1988లో మూడవది. ఆ తరువాత ఇరవై రెండేళ్లపాటు ఏమీ లేదు. అజారుద్దీన్ దేశానికి కెప్టెన్‌గా ఉన్న కాలమంతా స్వంత ఊరిలో ఒక్క టెస్టుకు కూడా నాయకత్వం వహించలేదు. 2010లో ఉప్పల్ మైదానంలో మళ్లీ టెస్టు జరిగింది, 2012లో మరొకటి. 1955 నుంచి 2012 వరకు జరిగిన ఈ ఐదింటిలోనూ ప్రత్యర్థి న్యూజీలండే. హైదరాబాదులో పుట్టి న్యూజీలండును తప్ప మరొక దేశాన్ని కంటితో చూడకుండా ముసలివాడైన క్రికెట్ అభిమాని ఉంటే ఆశ్చర్యపడనక్కరలేదు. కాబట్టి ఆ నగరంలోని అభిమానికీ డెలానీపూర్ అభిమానికీ మధ్య తేడా అనుకున్నంత పెద్దది కాదు. ఇద్దరూ ప్రధానంగా శ్రోతలే.

శ్రోతల చరిత్రలో ఎం.ఎల్. జయసింహకు ప్రత్యేక స్థానం ఉన్నది. 1967-68లో ఆస్ట్రేలియాకు వెళ్లిన భారత జట్టులో మొదట అతడి పేరు లేదు. దేశానికి కెప్టెన్ అయిన పటౌడీ నవాబు రంజీలో జయసింహ నాయకత్వం క్రింద హైదరాబాదుకు ఆడేవాడన్న సంగతి అభిమానులకు బాగా తెలుసు. ఆ కారణంగా ఈ విస్మరణ వారికి మరింత వింతగా తోచింది. జట్టు దెబ్బలు తిని, గాయాలపాలై, మనుషులు చాలక కబురు పెడితే జయసింహ విమానమెక్కాడు. దిగిన కొద్ది రోజులకే బ్రిస్బేన్‌లో మూడవ టెస్టు ఆడి మొదటి ఇన్నింగ్స్‌లో 74, రెండవ ఇన్నింగ్స్‌లో 101 చేశాడు. గెలవడానికి 395 కావలసి ఉండగా భారతదేశం 355 దాకా వెళ్లి 39 పరుగుల తేడాతో ఓడింది. తెల్లవారుజామున షార్ట్‌వేవ్ రేడియోకు చెవి ఆనించినవారు, గాలితో పాటు ఎగసి పడే ఆ వ్యాఖ్యాత గొంతులో, ఎంపిక సంఘం తప్పును బంతి బంతికీ విన్నారు. సిరీస్‌ను భారతదేశం 0-4తో కోల్పోయింది. ఓటమి మరుగునపడి ఆ 74, 101 మిగిలాయి. అండమాన్‌కు 1963లోనే ఆకాశవాణి కేంద్రం వచ్చింది. పోర్ట్ బ్లెయిర్‌లో రేడియో అప్పటికే ఇంటి వస్తువు కావడం మొదలైంది.

కాని ఫామ్, ఎంపిక అనే రెండు మాటలు కలిసి తెలుగు అభిమానిని నిజంగా వేధించినది జయసింహ విషయంలో కాదు, వి.వి.ఎస్. లక్ష్మణ్ విషయంలో.

లక్ష్మణ్ 1996లో అహమ్మదాబాదులో టెస్టు జీవితం ప్రారంభించాడు. మధ్యవరుస ఆటగాణ్ణి తీసుకువెళ్లి ఇన్నింగ్స్ ప్రారంభించమన్నారు. 2000 జనవరిలో సిడ్నీలో అలా ప్రారంభకుడిగానే 167 కొట్టాడు. ఆ ఇన్నింగ్స్‌లో జట్టు మొత్తం చేసినది 261 మాత్రమే. అయినా ఆ స్థానం తనది కాదని నిర్ణయించుకుని, ఇకమీదట ప్రారంభ బ్యాట్స్‌మన్‌గా ఆడనన్నాడు. జట్టులో స్థానాన్నే పణంగా పెట్టిన మాట అది. 1999-2000 రంజీ సీజన్‌లో హైదరాబాదుకు ఎనిమిది శతకాలతో 1,415 పరుగులు చేసినప్పుడు ఆ మాట వెనుక ఏమున్నదో తెలిసింది.

2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో జరిగినది మళ్లీ చెప్పనక్కరలేదు గాని, ఎంపిక దృష్టితో చూస్తే అందులో ఒక విశేషం ఉన్నది. ఆస్ట్రేలియా ఫాలోఆన్ ఆడించింది. మొదటి ఇన్నింగ్స్‌లో 59 చేసిన లక్ష్మణ్‌ను మూడవ స్థానానికి పంపి, అక్కడ ఆడుతున్న రాహుల్ ద్రావిడ్‌ను ఆరవ స్థానానికి దించారు. ద్రావిడ్ అభిమానులకు అది అవమానం. ఆ అవమానమే మార్చి 14న ఒక చివరనూ, ఆ నమ్మకమే మరొక చివరనూ నిలబడ్డాయి. ఉదయం నాలుగు వికెట్లకు 254గా ఉన్న స్కోరు సాయంత్రానికి అదే నాలుగు వికెట్లకు 589. శతకం పూర్తికాగానే, సాధారణంగా ఎంతో నెమ్మదస్తుడైన ద్రావిడ్ బ్యాటును పత్రికలవారి గది వైపు ఆడించాడు. లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180. ఇద్దరి భాగస్వామ్యం 376. భారతదేశం 171 పరుగులతో గెలిచింది.

అండమాన్ వంటి చోట ఆ మ్యాచ్‌కు ఉన్న రుచి వేరు. మైదానం బెంగాలీది, కెప్టెన్ గంగూలీ బెంగాలీ, బ్యాటు మాత్రం తెలుగువాడిది. పొరుగింటివారితో పంచుకోగలిగిన గెలుపు అటువంటిది మరొకటి లేదు. పంచుకోలేని రోజులూ తరువాత వచ్చాయి. 2005 డిసెంబరులో శ్రీలంకతో ఢిల్లీలో 40, 39 చేసిన గంగూలీని తదుపరి టెస్టుకు తప్పించినప్పుడు కలకత్తా వీధులలో కోచ్ గ్రెగ్ చాపెల్ దిష్టిబొమ్మలు తగలబడ్డాయి. అంతకు ఒక నెల ముందు దక్షిణాఫ్రికాతో జరిగిన వన్‌డే మ్యాచ్‌లో ఈడెన్ ప్రేక్షకులు స్వంత దేశపు జట్టునే ఎగతాళి చేసి ప్రత్యర్థులకు చప్పట్లు కొట్టారు. 2003 ప్రపంచ కప్ జట్టులో లక్ష్మణ్‌కు చోటు దక్కనప్పుడు హైదరాబాదు బాధపడింది. కాని తన జట్టు ఓడిపోవాలని కోరుకోలేదు. ఇది తెలుగువారి గొప్పతనమని కొందరంటారు. తిరుగుబాటు చేయడానికి ఆనాడు నగరంలో టెస్టు మైదానమే లేదన్న సంగతి వారు మరచిపోతారు.

లక్ష్మణ్ అసలు పరీక్ష 2011లో మొదలైంది. అంతకు ముందు ఏడాదే కొలంబోలో నాలుగవ ఇన్నింగ్స్‌లో అజేయ శతకం చేశాడు. మొహాలీలో నడుము పట్టేసినా 73తో అజేయంగా నిలిచి ఆస్ట్రేలియా మీద ఒక్క వికెట్ తేడాతో గెలిపించాడు. డర్బన్‌లో 96 చేశాడు. అటువంటివాడు ఇంగ్లండులో నాలుగు టెస్టులు ఆడి మొత్తం 182 పరుగులు మాత్రమే చేశాడు. ఇంటికి వచ్చి వెస్టిండీస్ మీద ఈడెన్‌లో అజేయంగా 176 కొట్టాడు. ఆస్ట్రేలియా వెళ్లి మళ్లీ నాలుగు టెస్టులలో 155. రెండు విదేశీ సిరీస్‌లనూ భారతదేశం 0-4తో పోగొట్టుకున్నది. అడిలైడ్‌లో యువకుడు విరాట్ కోహ్లీ శతకం చేయగానే కొత్త తరానికి వాదన దొరికింది.

ఈ అంకెలతో ఇంటింటా రెండు పక్షాలు ఏర్పడ్డాయి. ముప్పై ఏడేళ్లవాడు, కాళ్లు కదలడం లేదు, స్లిప్‌లో క్యాచ్‌లు జారుతున్నాయి, ఇంకెంత కాలం అన్నది ఒక పక్షం. ఈడెన్‌లో 176 కొట్టి మూడు నెలలు కాలేదు, నాలుగు మ్యాచ్‌లకే మనిషిని కొట్టివేస్తారా అన్నది మరొక పక్షం. రెండు పక్షాల వాదనా న్యాయమైనదే. ఫామ్ అనే మాటతో వచ్చిన చిక్కు ఇదే: దానిని ఎక్కడ నుంచి లెక్కపెట్టడం మొదలుపెడితే అక్కడికి తగిన జవాబు ఇస్తుంది. 2010 నుంచి లెక్కిస్తే లక్ష్మణ్ వీరుడు, 2011 జూలై నుంచి లెక్కిస్తే భారం.

2012 ఆగస్టులో న్యూజీలండుతో రెండు టెస్టులకు జట్టును ప్రకటించారు. లక్ష్మణ్ పేరు ఉన్నది. మొదటి టెస్టు ఆగస్టు 23న హైదరాబాదులో. 134 టెస్టులు ఆడినవాడికి స్వంత ఊరిలో అది రెండవ టెస్టు మాత్రమే అయ్యేది. సెలెక్టర్లు అవకాశం ఇచ్చారు, నగరం వీడ్కోలు పలకడానికి సిద్ధంగా ఉన్నది. కాని ఆగస్టు 18న లక్ష్మణ్ హైదరాబాదులో పత్రికలవారిని పిలిచి, తన అంతరాత్మ మాట విన్నానని చెప్పి, ఆ క్షణం నుంచే అంతర్జాతీయ క్రికెట్‌కు స్వస్తి పలికాడు. సిరీస్ ముగిసేవరకూ ఆగలేదు. ఆ ఒక్క టెస్టయినా ఆడలేదు. 8,781 పరుగులు, 17 శతకాలు, 45.97 సగటు అక్కడ ఆగిపోయాయి.

అంతవరకు ‘వెళ్లిపో’ అన్నవారే ‘ఈ ఒక్కటి ఆడి వెళ్లు’ అన్నారు. కలకత్తా, బొంబాయి నినాదాలన్నీ సెలెక్టర్లను ఉద్దేశించినవి. ఇక్కడ సెలెక్టర్ల తప్పు ఏమీ లేదు. తనను తాను తప్పించుకున్నవాడు ఆటగాడే. అతడి మీద అట్టముక్క ఎత్తేదెవరు? ఆ టెస్టులో పుజారా 159 చేశాడు, అశ్విన్ పన్నెండు వికెట్లు తీశాడు, భారతదేశం ఇన్నింగ్స్ 115 పరుగుల తేడాతో గెలిచింది. లేనివాడి లోటు జట్టుకు తెలియలేదు. అభిమాని కోపానికి అంతకన్న పెద్ద దెబ్బ మరొకటి ఉండదు.

దీవులలో ఈ వార్తలు చేరే తీరు తరువాత మారిపోయింది. 2020 ఆగస్టు 10న మద్రాసు నుంచి పోర్ట్ బ్లెయిర్‌కూ మరికొన్ని దీవులకూ సముద్రగర్భంలో వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ ప్రారంభమైంది. అంతకు ముందు అంతా ఉపగ్రహం దయ. ఈలోగా విశాఖపట్నంలో గ్యాలరీ కూడా లేచింది. 2016 నవంబరులో అక్కడ మొదటి టెస్టు జరిగింది. ఓడ దిగిన రేవులోనే టెస్టు. కాని ఇంగ్లండుతో ఆడిన ఆ పదకొండుమందిలో తెలుగువాడు ఒక్కడూ లేడు.

2024 ఫిబ్రవరిలో ఆ గ్యాలరీకి స్వంత ఊరివాడు కూడా దొరికాడు. విశాఖ కుర్రవాడు శ్రీకర్ భరత్ తన ఊరి మైదానంలో దేశానికి వికెట్ కీపింగ్ చేశాడు. చేసిన పరుగులు 17, 6. తరువాతి టెస్టులో అతడి స్థానంలో ధ్రువ్ జురెల్ వచ్చాడు; రాంచీలో జురెల్ 90, అజేయంగా 39 చేసి జట్టును గెలిపించాడు. ఏడు టెస్టులలో 221 పరుగులు చేసిన భరత్ కోసం విశాఖ గ్యాలరీ ‘భరత్ లేనిదే టెస్టు లేదు’ అనలేదు. అనకపోవడం ప్రేమ లేక కాదు. లెక్క మరీ స్పష్టంగా ఉన్నచోట అరవడానికి గొంతు రాదు.

లెక్క స్పష్టంగా లేనివాడు హనుమ విహారి. కాకినాడలో పుట్టి, 2018లో ఓవల్‌లో 56 పరుగులతో టెస్టు జీవితం ప్రారంభించాడు. 2021 జనవరి 11న సిడ్నీలో, గెలవడానికి 407 కావలసిన ఐదవరోజున, తొడ కండరం చిరిగి పరుగెత్తలేని స్థితిలో క్రీజులో నిలబడ్డాడు. మన కాలమానం ప్రకారం ఆట తెల్లవారుజామునే మొదలైంది. ఆ ఋతువులో డెలానీపూర్‌లో విశాఖకంటే దాదాపు ముప్పావు గంట ముందుగా తెల్లవారుతుంది; తెలుగు ఇళ్లలో ఆ మ్యాచ్‌ను మొదట పగటి వెలుతురులో చూసినవి అక్కడి ఇళ్లే. విహారి 161 బంతులాడి 23 పరుగులతో అజేయంగా నిలిచాడు. అశ్విన్‌తో కలిసి టెస్టును కాపాడాడు.

అతడింకా ఆడుతూ ఉండగానే అప్పటి కేంద్ర సహాయ మంత్రి బాబుల్ సుప్రియో ఒక వ్యాఖ్య ప్రకటించాడు. 109 బంతులలో 7 పరుగులు చేయడం గెలిచే అవకాశాన్నే కాదు, క్రికెట్‌నే హత్య చేయడమని దాని సారాంశం. అందులో ఆటగాడి పేరును ‘హనుమ బిహారి’ అని రాశాడు. విహారి తరువాత ఇచ్చిన జవాబులో వాదన లేదు, కోపం లేదు. తన పేరును అక్షరదోషం లేకుండా రాసి ఊరుకున్నాడు. లక్షలమంది దానిని చదివి నవ్వుకున్నారు. తెలుగు అభిమానికి దశాబ్దాలుగా లేని గ్యాలరీ ఆ ఒక్కరోజు దొరికినట్లయింది.

గాయం మానిన తరువాత విహారి స్థానం మళ్లీ ఊగిసలాడింది. 2021 చివర న్యూజీలండు వచ్చినప్పుడు స్వదేశపు టెస్టు జట్టులో అతడు లేడు. 2022లో జోహానెస్‌బర్గ్‌లో ఆడాడు, మొహాలీలో శ్రీలంకపై 58 చేశాడు, జూలైలో ఎడ్జ్‌బాస్టన్‌లో 20, 11 చేశాడు. ఆ తరువాత పిలుపు రాలేదు. 16 టెస్టులు, 839 పరుగులు, సగటు 33.56. సిడ్నీలోని ఆ 23 పరుగులు కూడా ఈ మొత్తంలోనే ఉన్నాయి, మరే 23 పరుగులకూ తీసిపోకుండా, మించకుండా. వాటిని అలాగే లెక్కించాలా, లేక ఆడిన 161 బంతులను లెక్కించాలా అన్న వాదన కాకినాడలోనూ, విశాఖలోనూ, సముద్రం అవతల డెలానీపూర్‌లోనూ ఇంకా తేలలేదు.